పచ్చగా ఉన్న మొక్కను ఎంతవరకు నమ్మాలి?

మందుపాతర ఉన్నచోట ఎర్రబడే మొక్క గురించిన వార్త మళ్ళీ ఫోన్లలో తిరుగుతోంది. విత్తనాలు చల్లితే చాలు, కొన్ని వారాల్లో నేలే తనలో ఏముందో చెప్పేస్తుందని, ఇక మనుషులు మోకాళ్ళ మీద కూర్చుని అంగుళం అంగుళం వెతకాల్సిన పని లేదని దాని సారాంశం. నిన్నమొన్న కనిపెట్టినట్టు రాశారు గానీ, కోపెన్‌హాగెన్‌లోని అరేసా అనే చిన్న కంపెనీ ఈ మొక్కను ప్రకటించింది 2004 జనవరిలో. ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. ఈలోగా మందుపాతరలు తీసే సంస్థలు కుక్కలతో పని చేయించాయి, ఎలుకలకు శిక్షణ ఇచ్చాయి, ఇప్పుడు డ్రోన్లు ఎగరేస్తున్నాయి. మొక్క మాత్రం ఇంకా ఆ పనిలోకి దిగలేదు.

నాకు ఆ వార్త పంపిన మిత్రుడు, జన్యుమార్పిడి అంటే బెదిరిపోయేవాళ్ళే దీన్ని అడ్డుకుని ఉంటారన్నాడు. అలాంటి భయం ఉన్నమాట నిజమే. కానీ అసలు అడ్డంకి అది కాదని నా నమ్మకం. ఎర్రబడిన మొక్క గురించి అందరూ మాట్లాడారు. పచ్చగానే ఉండిపోయిన మొక్క గురించి ఎవరూ గట్టిగా హామీ ఇవ్వలేకపోయారు. ఆ పొలాన్ని రేపు దున్నుకోబోయే మనిషి అడుగు పెట్టేది పచ్చగా ఉన్నచోటే కదా.

ముందే చెప్తున్నాను, నేను ఈ పరిశోధనకు వ్యతిరేకిని కాను. ఇంకా డబ్బు పెట్టాలనే అంటాను. మందుపాతరల బాధితుల లెక్కలు ఏటా ప్రచురించే ల్యాండ్‌మైన్ మానిటర్ నివేదిక ప్రకారం 2023 ఒక్క ఏడాదిలోనే మందుపాతరలు, పేలకుండా మిగిలిపోయిన మందుగుండు కలిసి కనీసం 5,757 మందిని చంపడమో గాయపరచడమో చేశాయి. వాళ్ళలో 84 శాతం మంది మామూలు పౌరులు. ఇది చదివాక ఏ దారినైనా తేలిగ్గా కొట్టిపారేయడానికి మనసొప్పదు. అలాగని ఏ దారినైనా గుడ్డిగా నమ్మడానికీ మనసొప్పదు.

ఆ రంగు ఎక్కడిది

అరేసా వాడినది అరబిడాప్సిస్. ఆవాల కుటుంబంలోని చిన్న కలుపు మొక్క. జన్యుశాస్త్ర ప్రయోగశాలల్లో దీన్ని వాడినంతగా మరే మొక్కనీ వాడి ఉండరు. మందుపాతరలోని పేలుడు పదార్థం ఏళ్ళ తరబడి నేలలో ఉన్నప్పుడు దాని నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ కొద్దికొద్దిగా మట్టిలోకి చేరుతుంది. ఆ వాయువు తగిలితే మొక్క ఆంథోసయనిన్ అనే ఎర్రటి రంగు పదార్థాన్ని తయారు చేయాలి, ఆకు ఎర్రబడాలి. ఇదీ వాళ్ళ ఆలోచన. విత్తనం వేశాక 3 నుంచి 6 వారాల్లో రంగు తేలుతుందన్నారు.

అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో జూన్ మెడ్‌ఫోర్డ్ బృందం ఇంకో దారి పట్టింది. వాయువును కాకుండా, మందుపాతరల్లో ఎక్కువగా వాడే పేలుడు పదార్థమైన టీఎన్‌టీ అణువునే నేరుగా పట్టుకునేలా కంప్యూటర్ మీద రూపకల్పన చేసిన ప్రొటీన్‌ను మొక్కలో పెట్టారు. అది టీఎన్‌టీని పట్టుకోగానే కణం లోపలికి కబురు వెళ్తుంది, ఆకులోని పత్రహరితం విరిగిపోతుంది, ఆకు తెల్లబడుతుంది. 2011లో ఆ పరిశోధన పత్రం వచ్చింది. అమెరికా రక్షణ శాఖ దీనికి డబ్బు పెట్టింది. విమానాశ్రయాల్లో, జనం గుమిగూడే చోట్ల కాపలా మొక్కలు పెట్టొచ్చన్న ఆశ అప్పట్లో బాగా వినిపించింది.

2016లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో మైకేల్ స్ట్రానో బృందం పాలకూర ఆకుల్లోకి కార్బన్ నానోట్యూబులు (కంటికి కనబడనంత సన్నటి కార్బన్ గొట్టాలు) ఎక్కించి, వేళ్ళు పీల్చుకున్న నీళ్ళలో పిక్రిక్ యాసిడ్ లాంటి పేలుడు రసాయనం ఉంటే ఆకు నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో తేడా కనిపించేలా చేసింది. సుమారు పది నిమిషాల్లో సంకేతం వచ్చేది, దాన్ని చిన్న కంప్యూటర్ ఈమెయిల్‌గా పంపేది. అందులో జన్యుమార్పిడి ఏమీ లేదు. 2021లో "పాలకూర ఈమెయిల్ పంపుతోంది" అని లోకమంతా నవ్వుకున్నది దీని గురించే. అంత మంచి పని ఒక జోకుగా మిగిలిపోవడం నాకు బాధగా అనిపించింది.

ఇవన్నీ నిజమైన విజ్ఞానమే, నాకు అందులో అనుమానం లేదు. అయితే మెడ్‌ఫోర్డ్ బృందం మొక్కలో పెట్టినలాంటి, కంప్యూటర్ మీద రూపకల్పన చేసిన ప్రొటీన్ల చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం ఉంది. 2003లో అమెరికాలోని ఒక బృందం అలాంటి ప్రొటీన్లు తయారు చేశామని ప్రకటిస్తే, వాటిలో కొన్నింటిని 2009లో జర్మనీ శాస్త్రవేత్తలు మళ్ళీ పరీక్షించారు. అవి పట్టుకోవాల్సిన అణువును పట్టుకుంటున్న జాడ వాళ్ళకు కనిపించలేదు. మెడ్‌ఫోర్డ్ మొక్క పని చేయలేదని నేను అనడం లేదు. ప్రయోగశాలలోనే ఇన్ని మెలికలున్నప్పుడు, పొలానికి వచ్చేసరికి నమ్మకం ఎంత జాగ్రత్తగా సంపాదించుకోవాలో గుర్తు చేస్తున్నాను, అంతే.

మోగనిచోట ఏముంది

సైన్యంలో ఇంజినీర్ల దళంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనతో చాలాసేపు మాట్లాడే అవకాశం దొరికింది. మందుపాతరలు వెతకడం ఎలా ఉంటుందని అడిగితే, ఆయన టేబుల్ మీదున్న పెన్ను తీసుకుని, నిటారుగా గుచ్చకూడదు బాబూ అంటూ ఏటవాలుగా పట్టి చూపించాడు. పొడుగాటి కడ్డీని నేలకు సుమారు 30 డిగ్రీల కోణంలో మెల్లగా దించాలి. అలా అయితే కొస మందుపాతర పక్కను తాకుతుంది. నిటారుగా దించితే పైన ఉన్న మీటను నొక్కేస్తుంది. రెండు మూడు సెంటీమీటర్లకు ఒకసారి అలా గుచ్చుకుంటూ పోవాలి. ఎండలో, బరువైన కవచం వేసుకుని. ఒక మేకు దొరికినా, సీసా మూత దొరికినా అంతే జాగ్రత్తగా తవ్వి తీయాలి.

మెటల్ డిటెక్టర్ పదే పదే మేకులకే మోగుతుంటే విసుగు రాదా అని అడిగాను. ఆయన జవాబు నాకు బాగా గుర్తుండిపోయింది. "మోగితే నాకు పని దొరికినట్టు. మోగకపోతేనే టెన్షన్. పై అధికారికి కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాల్సింది మోగని నేలకే కదా."

ఎర్రబడే మొక్క గురించి నేను ఎక్కడ చదివినా ఈ మాట కనిపించలేదు. లేనిచోట ఎర్రబడితే నష్టం కొంత కాలం, కొంత శ్రమ. ఉన్నచోట ఎర్రబడకపోతే పోయేది ఒక కాలు, లేదా ఒక ప్రాణం. ఈ రెండు తప్పులూ ఒకటి కావు. నిప్పు లేనిదే పొగ రాదంటాం గానీ, పొగ కనబడలేదు కాబట్టి నిప్పు లేదని ఎవరమూ పందెం కాయం.

మందుపాతర ఉండి కూడా మొక్క పచ్చగా ఉండిపోవడానికి కారణాలు వెతకడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ఆవిరి బయటికి రావాలంటే తొడుగులోంచి కారాలి. కొన్ని మందుపాతరలు బాగా కారతాయి, గట్టిగా మూసి ఉన్నవి కారవు. కారినది మట్టిలో అంటుకుంటుంది. మట్టి బాగా ఎండిపోయి ఉంటే ఆ అణువుల్ని గట్టిగా పట్టుకుని పైకి వదలదు, తడి తగిలితే వదులుతుంది. అంటే ఒకే పొలం ఒక నెలలో ఒక జవాబు, ఇంకో నెలలో ఇంకో జవాబు ఇవ్వగలదు. పైగా వాన నీరు ఏటవాలుగా పారినచోట ఆ రసాయనం కూడా కదిలిపోతుంది. మొక్క ఎర్రబడిన చోటికి కాస్త ఎగువన మందుపాతర ఉండొచ్చు. మట్టిలోని సూక్ష్మజీవులు టీఎన్‌టీని మార్చేసి వేరే పదార్థాలు చేస్తాయి, టీఎన్‌టీనే గుర్తుపట్టే మొక్కకు అవి అర్థం కాకపోవచ్చు. ఇక అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సైన్యం హెలికాప్టర్ల నుంచి వెదజల్లిన సీతాకోకచిలుక ఆకారపు పీఎఫ్ఎం-1 లాంటివి నేల మీదే పడి ఉంటాయి. వాటిలో ఉండేది ద్రవ రూపంలోని వేరే పేలుడు పదార్థం. వేళ్ళతో వెతికే మొక్కకు అవి అందవు.

లేనిచోట ఎర్రబడే తప్పు గురించి కూడా ఒక మాట. మట్టిలో నైట్రోజన్ సంబంధిత వాయువులు మందుపాతరల వల్ల మాత్రమే పుట్టవు, మట్టిలోని బాక్టీరియా కూడా వాటిని నిత్యం పుట్టిస్తూనే ఉంటుంది. ఎరువు వేస్తే ఇంకా ఎక్కువ. రంగు సంగతీ అంతే. నేను కుండీల్లో పెంచిన టమాటా నారు ఒకసారి ఆకుల అడుగు భాగం ఊదా రంగుకు తిరిగింది. ఏదో తెగులు పట్టిందని కంగారుపడ్డాను. చలికి, మట్టిలో భాస్వరం సరిగా అందకపోవడానికి ఆంథోసయనిన్ పెరిగిందని తర్వాత తెలిసింది. ఆ మామూలు దారిని మూసేసి, పేలుడు పదార్థం దారి ఒక్కటే తెరిచి ఉంచేలా మొక్కను మార్చవచ్చు. అప్పుడు ఈ గందరగోళం తగ్గుతుంది. కానీ అది ఎరుపును నమ్మదగినదిగా చేస్తుంది తప్ప, పచ్చదనాన్ని కాదు.

నమ్మకం ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఏడీఈ 651 ఉదంతం చాలు. బాంబుల్ని పసిగడుతుందంటూ ఇరాక్‌కు కోట్లకు కోట్లు పోసి అమ్మిన ఆ పరికరంలో పని చేసే భాగం ఏదీ లేదు. బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో సైనికులు దాన్ని చేతబట్టుకుని కార్లను పంపించేవాళ్ళు. అమ్మిన జేమ్స్ మెకార్మిక్‌కు 2013లో లండన్ కోర్టు పదేళ్ళ శిక్ష వేసింది. మొక్కల శాస్త్రవేత్తల్ని అతనితో పోల్చడం ఘోరమైన అన్యాయం అవుతుంది, వాళ్ళు నిజాయితీగా పని చేసినవాళ్ళు. నేను తీసుకునే పాఠం వేరే. ఆ పరికరం స్పందించకపోవడాన్ని "ఇక్కడ ఏమీ లేదు" అని జనం చదువుకున్నారు. ఆ చదవడంలోనే ప్రాణాలు పోయాయి.

ఎలుకకు ఉన్నది, మొక్కకు లేనిది

ఎలుకలు ఎందుకు నిలబడ్డాయో చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. టాంజానియాలో అపోపో అనే సంస్థ ఆఫ్రికా పెద్ద ఎలుకలకు టీఎన్‌టీ వాసన నేర్పించి కంబోడియాకు పంపుతోంది. టెన్నిస్ కోర్టంత నేలను ఎలుక అరగంటలో వెతికేస్తుంది. అదే పని మెటల్ డిటెక్టర్‌తో మనిషి చేస్తే నాలుగు రోజుల దాకా పట్టొచ్చు. ఇనప మేకుల్ని పట్టించుకోదు, మందుపాతర పేలేంత బరువూ ఉండదు. మగావా అనే ఎలుకకు 2020లో బ్రిటన్‌లో బంగారు పతకం ఇచ్చారు. 2022 జనవరిలో అది చనిపోయినప్పుడు ప్రపంచమంతా వార్త రాసింది. నాకైతే ఆ వార్త చదివి కళ్ళు చెమర్చాయి.

కానీ ఎలుక నిలబడింది ముక్కు వల్ల మాత్రమే కాదు. పనిలోకి దిగే ముందు ప్రతి ఎలుకా విడివిడిగా పరీక్ష పాసవ్వాలి. మందుపాతరలు ఎక్కడ పాతారో ఎలుకకూ తెలియదు, దాన్ని పట్టుకున్న మనిషికీ తెలియదు. అన్నీ పట్టుకుంటేనే లైసెన్సు. ఒక్కటి వదిలేసినా మళ్ళీ శిక్షణకే. రోజూ పని మొదలుపెట్టే ముందు కూడా అది బాగానే ఉందో లేదో చూసుకోవచ్చు.

పొలం నిండా మొలిచిన లక్ష మొక్కల్లో ప్రతి మొక్కా ఒక డిటెక్టరే. అందులో ఏ ఒక్కదాన్నీ విడిగా పరీక్షించి ఉండరు. మందుపాతర పైన సరిగ్గా మొలిచిన ఆ ఒక్క మొక్కకు పురుగు పట్టి ఉండొచ్చు, వేరు రాయికి తగిలి లోతుకు దిగకపోయి ఉండొచ్చు, అసలు అక్కడ విత్తనమే మొలవకపోయి ఉండొచ్చు. దీనికి ఒక పాక్షిక పరిష్కారం నాకు తోస్తోంది. పొలంలో అక్కడక్కడ, తెలిసిన చోట్ల, పేలని రూపంలో కొద్దిగా టీఎన్‌టీ జాడ పాతిపెట్టి, ఆ చోట్ల మొక్కలు ఎర్రబడ్డాయో లేదో చూడాలి. అవే ఎర్రబడకపోతే మొత్తం పొలం ఫలితాన్ని పక్కన పడేయాలి. ఎర్రబడితే వాతావరణం, తడి అనుకూలంగా ఉన్నాయని తెలుస్తుంది. అప్పటికీ ఆ ఒక్క మొక్క గురించి తెలియదు.

ఇంకో చిక్కు, ఇది చిన్నదే గానీ పోస్టుల్లో ఎవరూ రాయరు. ఏళ్ళ తరబడి మనిషి అడుగుపెట్టని నేల అడవిలా పెరిగిపోయి ఉంటుంది. జానెడు మొక్క ఆ తుప్పల్లో మొలిచినా కనబడదు. తుప్పలు కొట్టాలంటే కవచం ఉన్న యంత్రం కావాలి. మందుపాతరలు తీసే పనిలో పెద్ద భాగం ఆ కొట్టడమే.

జన్యుమార్పిడి అన్న భయం

మిత్రుడు ఎత్తిన విషయానికి వస్తాను. ఇక్కడ జన్యుమార్పిడి పంటల మీద ఉన్న వాదనలన్నీ యథాతథంగా వర్తించవు. దీన్ని ఎవరూ తినరు. సొంతంగా విత్తనం కట్టకుండా, బయటి నుంచి హార్మోన్ అందిస్తే తప్ప వంశం నిలవకుండా మొక్కను మార్చామని అరేసా అప్పట్లోనే చెప్పింది. కాలు పోగొట్టుకున్న రైతుకు, పుప్పొడి ఎగిరిపోతుందేమోనని దూరాన సురక్షితంగా కూర్చుని ఆందోళన పడటం ఎంత చిన్న విషయంగా కనిపిస్తుందో ఊహించగలను.

అయినా ఆ ఆందోళనలో ఒక ముక్క న్యాయమైనదే. విత్తనం కట్టని మొక్క అంటే, ప్రతిసారీ విత్తనం ఆ కంపెనీ దగ్గరే తీసుకోవాలి. యుద్ధం చితక్కొట్టిన దేశం తన నేలను శుభ్రం చేసుకోవడానికి ఒక పేటెంటు మీద ఆధారపడాలి. జన్యుమార్పిడి జీవుల రవాణా మీద దేశాలు కుదుర్చుకున్న కార్టహెనా ప్రోటోకాల్ అనే ఒప్పందం కింద ఇలాంటి జీవుల్ని దేశంలోకి రానివ్వాలా వద్దా అని నిర్ణయించుకునే హక్కు ఆ దేశానికి ఉంది. ఆ నిర్ణయం మంత్రిత్వ శాఖ గదిలో మాత్రమే కాకుండా, ఆ పొలం చుట్టూ బతికేవాళ్ళ ముందు కూడా జరగాలి. ఎర్రబడితే ఏమిటో, పచ్చగా ఉంటే ఏమిటో వాళ్ళకు స్పష్టంగా చెప్పాలి. రెండోది చెప్పకుండా మొదటిది చెప్పడమే నా దృష్టిలో జన్యువుల కంటే పెద్ద ప్రమాదం.

నన్ను వదలని ఎదురు వాదన

నా వాదనకు గట్టి జవాబు ఒకటుంది. పేదవాడు ఎవరి సర్టిఫికెట్ కోసమూ ఎదురుచూడడు. కంబోడియాలో పొలం తప్ప ఇంకో ఆధారం లేని రైతులు చాలామంది తమ నేలలోని మందుపాతరల్ని తామే, సొంత పనిముట్లతో తీసుకున్నారు. ఇంకా ఎంతోమంది అనుమానం ఉన్న నేలలోనే పశువుల్ని మేపుతున్నారు, కట్టెలు ఏరుకుంటున్నారు. వాళ్ళకు పదిలో ఎనిమిదింటిని చూపించే మొక్క ఉన్నా, అసలు లేనిదానికంటే మేలు కాదా? నూటికి నూరు శాతం కావాలని పట్టుబట్టడం, సురక్షితంగా ఉన్నవాళ్ళ విలాసం కాదా?

ఈ ప్రశ్న చాలాసార్లు నిద్ర లేకుండా చేసింది. నాకు దొరికినంత జవాబు ఇది. ప్రమాదం ఉందని తెలిసి నడిచే మనిషి వేరు, లేదని ఎవరో చెబితే నమ్మి నడిచే మనిషి వేరు. మొదటివాడు పిల్లల్ని ఆ వైపు పోనివ్వడు, తొక్కిన దారినే తొక్కుతాడు, కొత్త మూల తవ్వేటప్పుడు ఆగి చూస్తాడు. పచ్చటి పొలం చూపించి ఇక భయం లేదంటే ఆ జాగ్రత్త ఒక్కరోజులో పోతుంది. మిగిలిన రెండు మందుపాతరలు అప్పుడే పేలతాయి. అయినా, తిండి లేక ఎలాగూ అడుగు పెట్టక తప్పని మనిషికి ఈ జవాబు చాలదని నాకు తెలుసు. ఆ మనిషి ఎదురుగా నిలబడి దీన్ని చెప్పే ధైర్యం నాకు లేదు.

మరి మొక్కకు పని ఎక్కడ

అనుమానం ఉన్న నేలలో నిజంగా మందుపాతరలుండేది కొంత భాగమే. మిగతా నేలంతా భయం వల్లే బీడుపడి ఉంటుంది. ఎక్కడ ముందు వెతకాలన్న నిర్ణయానికి మొక్క ఉపయోగపడుతుంది. ఎరుపు గుంపుగా కనిపించిన మూలకు మనుషుల్ని, ఎలుకల్ని ముందు పంపండి. పచ్చగా ఉన్న నేలను వదిలేయకండి, వరుసలో వెనక్కి పెట్టండి, అంతే. ఆరు వారాలు పట్టినా నష్టం లేదు, ఆ నేల ఎప్పటినుంచో ఖాళీగానే ఉంది.

ఇంకో పనిలో అయితే జన్యుమార్పిడి మొక్క ఇప్పటికే పొలంలో తనను నిరూపించుకుంది. ఇంగ్లండ్‌లోని యార్క్ యూనివర్సిటీలో నీల్ బ్రూస్, లిజ్ రైలట్ బృందం ఆర్‌డీఎక్స్ అనే పేలుడు పదార్థాన్ని విరగ్గొట్టే బాక్టీరియా జన్యువుల్ని స్విచ్‌గ్రాస్ అనే గడ్డిలో పెట్టింది. అమెరికాలో ఫోర్ట్ డ్రమ్ సైనిక స్థావరంలో ఆ గడ్డిని నాటితే హెక్టారుకు 27 కిలోల చొప్పున ఆర్‌డీఎక్స్‌ను విరగ్గొట్టగలదని తేలింది. 2021లో ఆ ఫలితాలు వచ్చాయి. ఫిరంగులు పేల్చే మైదానాల నుంచి ఆర్‌డీఎక్స్ భూగర్భ జలాల్లోకి దిగిపోతుంది, దాన్ని ఆపడం చాలా కష్టం. ఈ గడ్డి కొద్దిగా తక్కువ పని చేసినా ఎవరి కాలూ పోదు. అందుకే దాన్ని మైదానంలో ధైర్యంగా పరీక్షించగలిగారు.

వెతికే పనికి వస్తే, మొక్కకు పోటీగా జెరూసలేం హీబ్రూ యూనివర్సిటీలో షిమ్‌షోన్ బెల్కిన్ బృందం చేసిన బాక్టీరియా ఉంది. టీఎన్‌టీలో కలిసి ఉండే, దానికంటే తేలిగ్గా ఆవిరయ్యే డీఎన్‌టీ అనే రసాయనం తగిలితే అది మెరుస్తుంది. దాన్ని చిన్న గోళీల్లో పెట్టి నేల మీద చల్లి, దూరం నుంచి లేజర్‌తో చూశారు, 2017లో ప్రకటించారు. మొలవాల్సిన పని లేదు, వారాలు ఆగాల్సిన పని లేదు. కానీ మెరవని గోళీ దగ్గర ఏముందన్న ప్రశ్న దానికీ అంతే గట్టిగా వర్తిస్తుంది.

క్రొయేషియాలో బెన్కోవాట్స్ దగ్గర పరికరాల్ని పరీక్షించడానికే మందుపాతరలు పాతిపెట్టిన మైదానం ఉంది. ఎవరైనా నాకు డబ్బిచ్చి ఎక్కడ పెట్టాలో చెప్పమంటే, అలాంటి చోట పెట్టమంటాను. ఏళ్ళ తరబడి నేలలో ఉండి పాతబడిన మందుపాతరల మీద, ఎక్కడున్నాయో తెలియని మనుషుల చేత మొక్కలు పెంచాలి. ఎండలో ఒకసారి, వానలో ఒకసారి. ఇసుక నేలలో, నల్లరేగడిలో. ఫలితాల పట్టికలో మొదటి వరుసలోనే, మందుపాతర ఉండి కూడా పచ్చగా ఉండిపోయిన మొక్కలెన్నో రాయాలి. ఆ సంఖ్య ఎంత పెద్దదైనా సరే.